కారు ఆపాక అడిగే రెండో ప్రశ్న

(2024 అక్టోబర్ చివర్లో అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో తెలుగువాళ్ళం కూర్చుని ప్రాప్ 314 మీద, అంటే వలసల గురించి స్టేట్ ఓటర్ల ముందు పెట్టిన ప్రతిపాదన మీద, చర్చ పెట్టుకున్నాం. ఆ చర్చకి ముందు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చేయండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు తమ్ముళ్ళు ఏమన్నారంటే, అన్నా ప్రాప్ 314 గురించి ఓ పది నిమిషాలు చెప్పు, ఆ తర్వాత రెండు జట్లుగా కూర్చుని డిబేట్ చేసుకుందాం అన్నారు. పది నిమిషాల్లో అయ్యేది కాదు, ముందే చెప్తున్నా, ఎందుకంటే 314 అర్థం కావాలంటే 2010కి వెళ్ళాలి, 2010లో ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది ఇండియాలో ఇంకా ఇంటర్ చదువుతూ ఉండుంటారు. నేను లాయర్ని కాదు, చిప్‌లు తయారుచేసే ఫ్యాబ్‌లో పనిచేసే ఇంజనీర్ని. 2004లో టెంపీకి చదువుకోడానికి వచ్చా, హెచ్‌వన్ వర్క్ వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూశా, ఇప్పుడు ఓటు ఉంది. 2010లో ఎస్‌బి 1070 అనే చట్టం పుట్టినప్పుడు ఇక్కడే ఉన్నా, కోర్టులో సగం కొట్టుకుపోయినప్పుడూ ఇక్కడే ఉన్నా, మిగిలిన సగం రోడ్డు మీద ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశా. చెప్పాలనుకుంటున్నది ఆ చూసిందే.

ముందు 314 సంగతి. సిటిజన్లు అయినవాళ్ళ ఇళ్ళకి బ్యాలెట్ వచ్చి రెండు మూడు వారాలవుతోంది. ఈసారి మన మారికోపా కౌంటీలో, కౌంటీ అంటే జిల్లా లాంటిదే, ఒక కాగితం సరిపోక రెండు కాగితాలయింది, స్టేట్ మొత్తం మీద 13 ప్రపోజిషన్లు మరి. చాలామంది ప్రెసిడెంట్ దగ్గర గుండ్రం నింపేసి కింద దాకా చదివే ఓపిక లేక పక్కన పెట్టారని నాకు తెలుసు. ఆ 13లో ఒకటి ఈ 314. ఇది ఏం చెప్తుందంటే, పోర్ట్ ఆఫ్ ఎంట్రీ, అంటే లోపలికి రావడానికి ప్రభుత్వం పెట్టిన అధికారిక చోటు, అది కాని చోట నుంచి వేరే దేశస్థుడెవరైనా బోర్డర్ దాటి అరిజోనాలోకి వస్తే అది స్టేట్ నేరం. ఇప్పటిదాకా అది ఫెడరల్ నేరం, చూసుకునేది ఫెడరల్ వాళ్ళు, అంటే కేంద్ర ప్రభుత్వం. ఇది పాసైతే లోకల్ పోలీసు అరెస్ట్ చేయొచ్చు, స్టేట్ జడ్జి వెనక్కి పొమ్మని ఆర్డర్ ఇవ్వొచ్చు. దొంగ కాగితాలతో బెనిఫిట్స్‌కి అప్లై చేయడం గురించి, ఫెంటనిల్ అనే మత్తుమందు అమ్మేవాళ్ళ గురించి కూడా ఇందులోనే కలిపి పెట్టారు, వాటి జోలికి ఇవాళ వెళ్ళను. ఇలాంటి బిల్లునే గవర్నర్ కేటీ హాబ్స్ ఈ మార్చిలో వీటో చేశారు, అందుకని లెజిస్లేచర్ వాళ్ళు జూన్‌లో గవర్నర్ సంతకంతో పని లేకుండా నేరుగా మన చేతికి ఇచ్చేశారు.

ఇంకో మెలిక ఉంది. ఇది గెలిచినా బోర్డర్ దాటడం నేరమనే ఆ ముక్క వెంటనే అమలు కాదు. టెక్సాస్‌లో ఇలాగే బోర్డర్ దాటడాన్ని స్టేట్ నేరం చేసే ఎస్‌బి 4 అని 2023 డిసెంబర్‌లో గవర్నర్ ఆబట్ సంతకం పెట్టిన చట్టం ఉంది కదా, అదిగానీ అలాంటిది ఇంకోటిగానీ వరుసగా 60 రోజులు అమల్లో ఉంటేనే మనది మొదలవుతుంది. ఆ టెక్సాస్ చట్టాన్ని ఫిబ్రవరి 29న జడ్జి డేవిడ్ ఎజ్రా ఆపేశారు, మార్చి 19న సుప్రీం కోర్టు వదిలేస్తే కొన్ని గంటలపాటు అమల్లోకి వచ్చింది, ఆ రాత్రే అప్పీల్స్ కోర్టు మళ్ళీ ఆపింది. ఇంకా కోర్టులోనే నలుగుతోంది. అందుకని కొంతమంది ఇప్పుడు ఓటేసినా వేయకపోయినా ఒకటేలే అంటున్నారు. ఒకటే కాదు. ఓటర్లు పాస్ చేసిన దాన్ని మళ్ళీ లెజిస్లేచర్ ముట్టుకోవడం ఈ స్టేట్‌లో దాదాపు కుదరదు, అది అలా పడుంటుంది, టెక్సాస్‌లో తలుపు తెరుచుకున్న రోజు ఇక్కడా తెరుచుకుంటుంది.

ఇక 2010. ఆ ఏడాది మార్చిలో డగ్లస్ దగ్గర, బోర్డర్ పక్కనే, ఒక రాంచర్ని, అంటే పశువులు పెంచే రైతుని, ఆయన సొంత భూమిలోనే ఎవరో కాల్చి చంపారు. చంపింది ఎవరో తేలలేదు గానీ బోర్డర్ దాటి వచ్చినవాడే అయ్యుంటాడని జనం గట్టిగా నమ్మారు. ఆ రోజుల్లో ఫీనిక్స్ వార్తలు పెడితే డ్రాప్ హౌస్‌లే, అంటే స్మగ్లర్లు మనుషుల్ని తీసుకొచ్చి మామూలు కాలనీలో మామూలు ఇంట్లో కుక్కి, బంధువులు ఇంకా డబ్బు పంపిస్తేగానీ వదలమని కొట్టేవాళ్ళు, అలాంటివి. ఇంటర్‌స్టేట్ 8 దగ్గర, ఇది స్మగ్లింగ్ జరిగే చోటు, దీనికి దక్షిణంగా వెళ్ళకపోవడం మంచిది అని ఫెడరల్ ప్రభుత్వమే బోర్డులు పాతింది. ఆలోచించండి, బోర్డర్ నుంచి ఎన్నో మైళ్ళు లోపలికి వచ్చాక, మీ దేశంలోనే మీరు వెళ్ళొద్దని బోర్డు. ఆ బోర్డుల గురించి తర్వాత సుప్రీం కోర్టు తీర్పులో కూడా రాశారు, స్టేట్ జనాభాలో కాగితాల్లేకుండా ఉన్నవాళ్ళు 6 శాతం దాకా ఉంటారన్న అంచనా కూడా అందులోనే ఉంది. కాబట్టి అరిజోనావాళ్ళకి కోపం ఊరికే రాలేదు. ఈ మాట ముందు ఒప్పుకోకుండా ఈ డిబేట్‌లోకి దిగితే అవతలివాళ్ళు మన మాట వినరు, వినక్కర్లేదు కూడా.

ఏప్రిల్ 23న గవర్నర్ జాన్ బ్రూవర్ ఎస్‌బి 1070 మీద సంతకం పెట్టారు. స్టేట్ సెనేటర్ రస్సెల్ పియర్స్ తెచ్చిన బిల్లు, ఆయనది మన పక్కనున్న మేసా. అప్పుడు దేశంలో సర్వే చేస్తే పదిమందిలో ఆరుగురు దాకా బాగుందన్నారు. వాళ్ళలో నేనూ ఉన్నా. దాచను. ఎందుకంటే నా లెక్క అప్పుడు ఇది: నేను లైన్లో నిలబడి వచ్చా. హైదరాబాద్‌లో వీసాలివ్వడం 2009లో మొదలయ్యేదాకా మనం స్టాంపింగ్‌కి చెన్నై రైలెక్కాల్సిందే, తెల్లవారుజామున కాన్సులేట్ బయట ఫైలు గుండెలకి హత్తుకుని నిలబడాల్సిందే. అంత కష్టపడి వచ్చినవాడికి, గోడ దాటి వచ్చినవాణ్ణి పోలీసు అడుగుతానంటే ఎందుకు బాధ కలగాలి అనుకున్నా. ఇవాళ ఈ హాల్లో కూడా అలా అనుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆ నొప్పి నాకు తెలుసు. ప్రయారిటీ డేట్ కోసం, అంటే గ్రీన్ కార్డు లైన్లో మన వంతు రావడం కోసం, పదేళ్ళు పదిహేనేళ్ళు ఎదురుచూసేవాడికి 'రూల్' అన్న మాట మీద గట్టి పట్టుంటుంది.

అయితే చట్టం నేను అప్పుడు చదవలేదు. టీవీలో విన్నానంతే. చదివింది చాలా తర్వాత. అందులో అసలు ముక్క సెక్షన్ రెండు బి. పోలీసు ఏదో ఒక కారణంతో, అంటే స్పీడింగ్ కావచ్చు, టెయిల్ లైట్ వెలగకపోవడం కావచ్చు, చట్టప్రకారం మిమ్మల్ని ఆపాడు. ఆపాక ఈ మనిషి ఈ దేశంలో చట్టవిరుద్ధంగా ఉన్నాడేమో అని రీజనబుల్ సస్పిషన్, అంటే తగిన కారణమున్న అనుమానం, వస్తే స్టేటస్, అంటే ఇక్కడ ఉండే హక్కు ఉందో లేదో, కనుక్కోవడానికి ప్రయత్నం చేయాలి. చేయొచ్చు కాదు, చేయాలి. మీ దగ్గర చెల్లుబాటయ్యే అరిజోనా డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే లీగల్ అనుకుని వదిలేయాలి. ఇదీ రూలు. ఇంకోటి కూడా పెట్టారు, ఏ ఊరి డిపార్ట్‌మెంటైనా ఈ చట్టాన్ని పూర్తిగా అమలు చేయకుండా చూసీ చూడనట్టు వదిలేస్తోందని అనిపిస్తే ఆ స్టేట్‌లో ఉండే ఎవరైనా కేసు వేయొచ్చు, రోజుకి 500 నుంచి 5000 డాలర్ల దాకా ఫైన్. ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే మంచి పోలీసు ఒకడు, పోనీలే పిల్లలున్నారు కార్లో, ఫైన్ టికెట్ ఇచ్చి పంపేద్దాం అనుకునేవాడు, వాడి చేతులు వెనక్కి విరిచి కట్టే క్లాజు ఇది.

సస్పిషన్ దేన్ని చూసి రావాలి? అక్కడే ఉంది చిక్కంతా. సంతకం పెట్టిన వారానికే దిద్దుబాటు చేసి, జాతి రంగు చూడకూడదు అని రాశారు. మంచిదే. కానీ మరి ఏం చూడాలి? ఆ ఏడాదే పోలీసులకి ట్రైనింగ్ వీడియో చేశారు, అందులో ఏమేం గమనించవచ్చో చెప్పారు. ఐడి లేకపోవడం, పోలీసుని చూసి పారిపోవడం, ఇవి సరే. బండిలో పట్టేదానికంటే ఎక్కువమంది ఉండటం. వేసుకున్న బట్టలు. ఇంగ్లీష్ సరిగ్గా రాకపోవడం. ఇప్పుడు మీరు చెప్పండి, శనివారం సాయంత్రం టెంపీ నుంచి బియ్యం బస్తా, పచ్చళ్ళ సీసాలు కొనుక్కోడానికి ఒక పాత క్యామ్రీలో ఆరుగురు పిల్లలు ఇరుక్కుని వెళ్తారే, వాళ్ళు ఎవరు? 347 హైవే మీద మారికోపా ఊరి గణపతి గుడికి పంచె కట్టుకుని వెళ్ళే మా నాన్న ఎవరు? పోలీసు చెడ్డవాడు కానక్కర్లేదు. అతనికి కనపడేది మొహం, బట్టలు, యాస. ఐ-94, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం, మొహం మీద రాసుండదు.

శాండియాగో నుంచి వచ్చేటప్పుడు యూమా దాటాక బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంటుంది కదా, అక్కడ అడుగుతారుగా, దానికి లేని బాధ దీనికెందుకు అని నన్ను ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. అక్కడ ఆ పని చేసేవాడు ఆ పనికే ట్రైనింగ్ అయ్యి ఉంటాడు. హెచ్‌వన్ మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే హెచ్‌ఫోర్ ఏంటో, బయటికెళ్ళి తిరిగి రావడానికిచ్చే అడ్వాన్స్ పెరోల్ ఏంటో అతనికి తెలుసు. అక్కడ ప్రతి కారూ ఆగుతుంది, తెల్లవాడిదీ ఆగుతుంది. ఊళ్ళో పోలీసుకి ఇంకో పని ఉంది. దొంగతనం, యాక్సిడెంట్, ఇంట్లో మొగుడు పెళ్ళాన్ని కొడుతుంటే వెళ్ళడం. మనం 911 కొడితే వచ్చేది అతనే, బోర్డర్ పెట్రోల్ కాదు.

2010 జూలైలో ఫెడరల్ ప్రభుత్వం 1070 మీద కేసు వేసింది, అమలుకి ఒక రోజు ముందు, జూలై 28న జడ్జి సూసన్ బోల్టన్ ముఖ్యమైన నాలుగు సెక్షన్లు ఆపేశారు. 2012 జూన్ 25న సుప్రీం కోర్టు తీర్పు. తీర్పు రాసింది జస్టిస్ కెనెడీ. నాలుగింట్లో మూడు కొట్టేశారు. రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర పెట్టుకోకపోతే స్టేట్ నేరం అన్నది పోయింది, పర్మిట్ లేకుండా పని వెతుక్కుంటే నేరం అన్నది పోయింది, దేశం నుంచి పంపించేయదగ్గ తప్పు చేశాడని నమ్మడానికి గట్టి కారణం ఉంటే వారంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చన్నది కూడా పోయింది. అందులో ఒక మాట ఉంది, చాలామంది మనవాళ్ళకి తెలియదు: పంపించేయదగ్గ మనిషి ఈ దేశంలో ఉండటం అనేది మామూలుగా దానంతట అది క్రైమ్ కాదు. సివిల్ విషయం. దొంగచాటుగా బోర్డర్ దాటడం క్రైమే, వీసా గడువు దాటి ఉండిపోవడం మాత్రం సివిల్ తప్పు. మనవాళ్ళు 'ఇల్లీగల్' అన్న మాట ఎంత సులువుగా వాడేస్తారో, అది ఎప్పుడు ఎవరికి తగులుతుందో చూసుకోరు.

రెండు బి మాత్రం మిగిలింది. అమలయ్యాక ఎలా ఉంటుందో చూద్దాం, ఇప్పుడే కొట్టేయలేం అన్నారు. కాకపోతే స్టేటస్ కనుక్కోవడం కోసమే మనిషిని ఎక్కువసేపు ఆపితే రాజ్యాంగం ప్రకారం చిక్కు వస్తుందని కూడా అన్నారు. కనుక్కోవడం ఎలాగంటే వెర్మాంట్‌లో ఫెడరల్ వాళ్ళ సెంటర్ ఒకటుంది, 24 గంటలూ నడుస్తుంది, లోకల్ పోలీసు అక్కడికి అడుగుతాడు. 2009 ఒక్క ఏడాదిలోనే అలాంటివి పది లక్షలకి పైగా వచ్చాయట. 2012 సెప్టెంబర్‌లో రెండు బి అమల్లోకి వచ్చింది. నా లెక్క మారింది ఆ తర్వాతే.

2013 జూన్. నాతోపాటు రూమ్‌లో ఉన్న తమ్ముడు, వాడి పేరు ఊరు వద్దు, అప్పటికి పెళ్ళయింది, పాప రెండేళ్ళది. హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ టైముకే వేశారు, పెండింగ్‌లో ఉంది. ఇక్కడ హెచ్‌వన్ మీద ఉన్నవాళ్ళకి తెలుసు, టైముకి వేస్తే పాత ఐ-94 అయిపోయినా 240 రోజులు పని చేసుకోవచ్చు. పూర్తిగా చట్టబద్ధం. కానీ డ్రైవింగ్ లైసెన్స్ ఐ-94 తేదీతోనే అయిపోతుంది. అప్పట్లో ఇక్కడ సిటిజన్ లైసెన్స్ మీద 65 ఏళ్ళు వచ్చేదాకా గడువు ఉండేది, మనది మాత్రం వీసాతో ముడిపడి ఉండేది. సరే, వాడు రెన్యూవల్‌కి తిరుగుతూనే ఉన్నాడు, ఆ మధ్యలో ఒకరోజు పాపకి జ్వరమొస్తే కారు తీశాడు. లైసెన్స్ అయిపోయాక కారు తీయడం తప్పే, వాడూ కాదనలేదు. టెయిల్ లైట్ కోసం ఆపారు. లైసెన్స్ చూశారు, అయిపోయింది. అంటే చట్టంలో ఉన్న ఆ లీగల్ అనే నమ్మకం అక్కడే పోయింది. రెండో ప్రశ్న వచ్చింది. ఏ దేశం, కాగితాలేవి. ఎక్స్‌టెన్షన్ వేసినట్టు ఇచ్చే 797 రసీదు ఇంట్లో ఫైల్లో ఉంది. 110 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ, రోడ్డు పక్కన కర్బ్ మీద వాణ్ణి కూర్చోబెట్టారు, భార్య కార్లో పాపని ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడట, నీళ్ళ బాటిల్ కూడా ఇచ్చాడట, కానీ పెండింగ్ ఎక్స్‌టెన్షన్ అంటే అతనికి అర్థం కావట్లేదు, వీడు చెప్తున్న కొద్దీ ఇంగ్లీష్ తడబడుతోంది, తడబడుతున్న కొద్దీ అనుమానం పెరుగుతోంది. నలభై నిమిషాలు. నేను ఫైలు పట్టుకుని వెళ్ళేసరికి కర్బ్ మీద తల దించుకుని ఉన్నాడు. టికెట్ ఇచ్చి వదిలేశారు. ఏం జరగలేదు అంటే ఏం జరగలేదు. కానీ ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. దారిన పోయే కార్లు స్లో చేసి చూస్తూ వెళ్ళాయిరా అన్నాడు. రెండేళ్ళకి ఇండియా వెళ్ళిపోయాడు. దానివల్లే అని చెప్పను, కానీ దాని గురించి ఒక్కసారి కూడా మళ్ళీ మాట్లాడలేదు.

వాడు లైన్లో నిలబడి వచ్చినవాడే. నాకంటే మంచి ర్యాంకు.

అక్కణ్ణుంచి నేను ఆలోచించడం మొదలుపెట్టా, మనం 'లీగల్' అన్నది పుట్టుమచ్చలా ఒంటి మీద ఉండిపోయేది అనుకుంటాం. అది గడువున్న కాగితం. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితే ఎయిర్‌పోర్ట్‌లో ఐ-94 కూడా ఆ తేదీ వరకే ఇస్తారు, చూసుకోనివాళ్ళు ఎంతమందో, ఏడాది తర్వాత లాయర్ ఫోన్ చేసి చెప్తే గానీ తెలియదు. ఉద్యోగం పోతే 60 రోజులు, అదీ 2017 నుంచి వచ్చిన వెసులుబాటు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ వీసాల మోసం చేస్తోందని దాని మీద రైడ్ జరిగింది గుర్తుందా? వెయ్యిమందికి పైగా పిల్లలు, ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళే. పొద్దున లేచేసరికి స్టేటస్ లేదు. కొందరి కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టారు, ఇక్కడ టీవీల్లో, అక్కడ మన పేపర్లలో ఆ కాళ్ళ ఫోటోలు వచ్చాయి. వాళ్ళు ఏ గోడా దాటలేదు. ఎయిర్ ఇండియా ఎక్కి, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాగితం చూపించి, స్టాంపు వేయించుకుని వచ్చినవాళ్ళు. ఆ పిల్లల్లో ఒకణ్ణి ఆ వారంలో ఈ ఊళ్ళో రోడ్డు మీద ఆపి ఉంటే రెండో ప్రశ్నకి జవాబు ఏం చెప్తాడు?

మారికోపా కౌంటీకి అప్పటి షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు పెద్ద, జో అర్పాయో గురించి కొత్తవాళ్ళకి ఒక్క మాట. ఆయన మనుషులు మెక్సికో వైపు మూలాలున్న లాటినోలు ఉండే పేటల్లో చిన్న చిన్న ట్రాఫిక్ కారణాలకి ఆపి కాగితాలు అడిగేవాళ్ళు, 1070 కంటే ముందు నుంచే. 2007లో కేవ్ క్రీక్ దగ్గర ఒక కారు ఆపారు, అందులో పక్క సీట్లో కూర్చున్న మెక్సికన్ టూరిస్టుకి సరైన వీసా ఉంది. అయినా గంటల తరబడి పట్టుకుని ఉంచారు. ఆయనే కేసు వేశారు. 2013 మేలో జడ్జి మర్రే స్నో ఇది జాతి చూసి ఆపడమే అని తీర్పిచ్చారు. అంతకుముందు 2011లో కోర్టు ఇచ్చిన ఆర్డర్‌ని లెక్కచేయలేదని 2017లో ఆ మాజీ షెరీఫ్ మీద క్రిమినల్ కంటెంప్ట్, అంటే కోర్టు ధిక్కార నేరం, రుజువైంది, వెంటనే ప్రెసిడెంట్ ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చారు. కేసు వేసిన మనిషికి వీసా ఉంది, అది గుర్తుపెట్టుకోండి చాలు.

మరి పోలీసులు ఏమంటారు? పోలీసులే రెండుగా చీలారు. 1070ని ఫీనిక్స్ ఆఫీసర్ల యూనియన్ సమర్థించింది, స్టేట్‌లోని పోలీస్ చీఫ్‌ల సంఘం వ్యతిరేకించింది, టూసాన్ వైపు పీమా కౌంటీ షెరీఫ్ క్లారెన్స్ డప్నిక్ బాహాటంగా తప్పు పట్టారు. చీఫ్‌ల భయం ఒకటే, జనం ఫోన్ చేయడం మానేస్తారు. 2017లో టెక్సాస్‌లో ఇలాంటి చర్చే నడుస్తున్నప్పుడు హ్యూస్టన్ పోలీస్ చీఫ్ ఆర్ట్ అసెవీడో చెప్పారు, ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో హిస్పానిక్ జనం, అంటే లాటినోలు, రేప్ కంప్లైంట్ ఇవ్వడం అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 43 శాతం పడిపోయిందని. నేరాలు తగ్గి కాదు. ఇది మనకి సంబంధం లేదనుకోకండి. నేను కొన్నేళ్ళు మనవాళ్ళ ఆడపిల్లల ఫోన్లు తీసుకునే పనిలో సాయంగా ఉన్నా. హెచ్‌ఫోర్ మీద ఉన్న అమ్మాయి, స్టేటస్ మొగుడి కాగితానికి ముడిపడి ఉంది, చెంప వాచి ఉంది, అయినా మొదట అడిగే మాట ఏంటో తెలుసా? అన్నా పోలీసుల్ని పిలిస్తే నన్ను పంపించేస్తారా అని. ఆ చట్టం బాధితుల్ని అడగమని చెప్పలేదు, ఆ సంగతి నేను చెప్తా, అయినా వాళ్ళు నమ్మరు. భయానికి సెక్షన్ నంబర్లు తెలియవు.

మాది చీరాల దగ్గర. బాపట్ల నుంచి రైల్లో వస్తుంటే స్టూవర్ట్‌పురం స్టేషన్ వస్తుంది, మీకు ఆ పేరు చెప్పగానే ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు, అదే నేను చెప్పబోయేది. బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అని ఒకటి 1871లో తెచ్చారు, 1911 చట్టంతో మన మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకలవాళ్ళలాంటి కులాల్ని కులాలుగానే నేరస్థులని రాసేశారు. సాల్వేషన్ ఆర్మీ చేతిలో సెటిల్‌మెంట్ పెట్టారు, హాజరు వేయించుకోవాలి, పాస్ లేకుండా ఊరు దాటకూడదు, దాటితే అదే నేరం. నువ్వేం చేశావు అని ఆ చట్టం అడగలేదు. నువ్వెవరు అని అడిగింది. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ నా చిన్నప్పుడు, అంటే రద్దయి ముప్పై ఏళ్ళు దాటాక కూడా, మా ఊళ్ళో ఏ ఇంట్లో బిందె పోయినా మా తాతయ్యతో సహా అందరూ మొదట ఆ రైల్వే స్టేషన్ పేరే అనేవాళ్ళు. మా తాతయ్య మంచి మనిషి. మొహం చూసి అనుమానించమని ఒక తరానికి చట్టం నేర్పితే, చట్టం పోయాక కూడా మంచివాళ్ళ నోట్లో ఆ అలవాటు మిగిలిపోతుంది. ఆ రెండూ ఒకటే అనట్లేదు, అరిజోనా చట్టం రాసినవాళ్ళు జాతి చూడొద్దని కాగితం మీదైనా రాశారు. కానీ అనుమానం చట్టం దగ్గర ఆగదు, పక్కింటివాడి దాకా వస్తుంది. 2017లో కాన్సస్‌లోని ఓలేతలో మన కుర్రాళ్ళిద్దరు ఆఫీసయ్యాక బార్‌లో కూర్చుంటే ఆ తుపాకీ మనిషి మొదట అడిగింది కూడా మీది ఏ వీసా, ఇల్లీగల్‌గా ఉన్నారా అనే. పోలీసు అడగాల్సిన రెండో ప్రశ్న అతను అడిగాడు. ఒకరు చనిపోయారు.

ఇప్పుడు అవతలి జట్టు తరఫున కూడా గట్టి మాట చెప్తా, ఎందుకంటే డిబేట్‌లో వాళ్ళు అది చెప్పాలి. ఈ 314 ఆ 1070 లాంటిది కాదు అంటారు. నిజమే. ఇందులో పోలీసు అరెస్ట్ చేసే ఆ ముక్క బోర్డర్ దాటడం గురించి మాత్రమే. అరెస్ట్ చేయాలంటే సస్పిషన్ చాలదు, ప్రాబబుల్ కాజ్, అంటే అంతకంటే గట్టి ఆధారం, ఉండాలి, ఆఫీసర్ కళ్ళారా చూడాలి, లేదా కెమెరాలో రికార్డయ్యి ఉండాలి. అంతవరకే ఉంటే చాండ్లర్‌లో మనకి పెద్దగా తేడా పడదని నేనూ ఒప్పుకునేవాణ్ణి. కానీ మూడోది ఉంది, చదవండి, రాజ్యాంగానికి సరిపోయే ఇంకే ఆధారమైనా సరే అని. ఆ మూడో తలుపు ఎంత వెడల్పో ఎవరూ చెప్పలేదు. నోగాలెస్‌లో దాదాపు ఊరంతా హిస్పానిక్ మనుషులే, అక్కడ ఏ ఆధారంతో ఎవర్ని వేరు చేస్తారు? అక్కడి శాంటాక్రూజ్ కౌంటీ షెరీఫ్ డేవిడ్ హాతవే దీన్ని వ్యతిరేకిస్తున్నారు, బోర్డర్ పక్కనే ఉండే మనిషి ఆయన. పైగా దీనికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇందులో రాయలేదు, కౌంటీ జైళ్ళు, కౌంటీ ఖర్చు.

బోర్డర్ సంగతి తేలాలి, అందులో నాకు అనుమానం లేదు. ఫెడరల్ ప్రభుత్వాలు, రెండు పార్టీలవీ, ఇన్నేళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవడం వల్లే ఇలాంటివి బ్యాలెట్ మీదకి వస్తున్నాయి. డగ్లస్‌లో భయం భయంగా బతికే రాంచర్ని నేను తప్పు పట్టను. కానీ ఆ భయం తీర్చే బాధ్యత ఇంటి బయట తిరిగే పోలీసు మెడకి చుడితే ఆ బరువు మోసేది దొంగచాటుగా వచ్చినవాడొక్కడే కాదు. అందుకే నేను 314కి నో అని నింపుతున్నా. 1070కి సపోర్ట్ చేసిన మనిషినే చెప్తున్నా.

1070 చివరికి ఏమైందంటే, 2016లో సెటిల్‌మెంట్ జరిగి, స్టేటస్ కనుక్కోవడానికే ఆపడం పొడిగించొద్దని అటార్నీ జనరల్ మార్క్ బ్రనోవిచ్ పోలీసులకి రాసిచ్చారు. చట్టం పుస్తకంలో ఇంకా ఉంది. రస్సెల్ పియర్స్‌ని 2011 నవంబర్‌లో మేసా ఓటర్లే రీకాల్ చేసి దింపేశారు. నేను చెప్పాలనుకున్నది ఇంతే, ఇక జట్లు కట్టండి, దానికి ముందు ప్రశ్నలేమైనా ఉంటే... అటు, ఆ పిన్నిగారికి మైకు ఇవ్వండి.

(ప్రశ్న: బాబూ, మేం ఇద్దరం పోయిన నెల వచ్చాం, అబ్బాయి దగ్గరికి. ఆరు నెలలుంటాం. నాకు ఇంగ్లీష్ రాదు. పొద్దున్నే ఆ కాలవ గట్టు మీద నడుస్తాం. మమ్మల్ని కూడా అడుగుతారా?)

అమ్మా, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు అని చెప్పాలని ఉంది. కానీ 2015లో అలబామాలో మాడిసన్ అనే ఊళ్ళో గుజరాత్ నుంచి వచ్చిన ఒకాయన, కొడుకింటికి మనవణ్ణి చూసుకోడానికి వచ్చారు, పొద్దున్నే ఇలాగే నడుస్తుంటే ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడని పోలీసులకి ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీష్ రాదు, అదే చెప్పారు, ఇండియా అన్నారు, కొడుకు ఇంటి నంబరు చెప్పారు. పోలీసు ఆయన్ని కింద పడేశాడు, మెడ దెబ్బతిని ఒళ్ళు కొంతమేర చచ్చుబడిపోయింది. అందుకని జాగ్రత్త చెప్తున్నా, భయపెట్టడానికి కాదు. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టంలో ఎప్పటినుంచో ఉంది, మీ విషయంలో అది ఐ-94. అబ్బాయిని ఆన్‌లైన్‌లోంచి ప్రింట్ తీసిమ్మనండి, పాస్‌పోర్ట్ కాపీతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెళ్ళో వేసుకోండి. ఇంకో చీటీ మీద ఇంగ్లీష్‌లో అబ్బాయి పేరు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు, మీకు తెలుగే వచ్చు అని రాయించుకోండి. ఎవరైనా ఆపితే జేబులోకి చెయ్యి పెట్టకండి, చేతులు కనపడేట్టు ఉంచి, మెళ్ళో వేసుకున్న కవరు చూపించండి. అందుకే మెళ్ళో వేసుకోమంటున్నా.

(అంటే నడకకి వెళ్ళేటప్పుడు కూడా కాగితం మెళ్ళో వేసుకుని వెళ్ళాలా బాబూ?)

అవునమ్మా. బాబాయిగారికి కూడా ఒకటి చేయించండి.